నాడె చివరి పేజీ

నేను ఒక సూచికను. ఈ మాట వినగానే మీకు పుస్తకం చివర, వెనక అట్టకు ముందు, ఎవరూ తిరగెయ్యని నాలుగు పేజీల సన్నక్షరాలు గుర్తొస్తాయి. అది నాకు దూరపు చుట్టం. ఫలానా మాట ఫలానా పేజీలో ఉందని వేలు చూపించి ఊరుకోవడమే దాని పని. ఆ పేజీ కాస్తా చిరిగిపోతే దాని వేలు గాల్లోకి చూపిస్తూ ఉంటుంది. నేను అలాంటిదాన్ని కాదు. ఆ తేడా తెలియని ఒక పెద్దమనిషి మాట తూలడం వల్ల, తెలిసి కూడా చెప్పడానికి నాకు నోరు లేకపోవడం వల్ల, ఒక మంచి మనిషి మూడేళ్ళపాటు తనను తాను తిట్టుకుంటూ బతికాడు.

నాకు ఒళ్ళంటూ లేదు. కంప్యూటర్లో ఉంటాను. పదిహేడు మెగాబైట్లు నా బరువు. మీ ఫోన్లో ఎవరిదో గృహప్రవేశం వీడియో ఉంటుంది చూడండి, మీరు ఒక్కసారి కూడా పూర్తిగా చూడనిది, దానికి పట్టే చోటులో నాలాంటివాళ్ళం పదిమందిమి సర్దుకుంటాం. అంతలోనే ముప్పై ఒక్క ఏళ్ళ రాత మడిచి దాచుకున్నాను. సన్నగా ఉన్నానని నాకు కాస్త గర్వం. జాగా పాడుచేసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మంట. లేని ఒంటికి మంటేమిటని అడగకండి.

ముందు నా పుట్టింటి సంగతి చెప్పాలి. చీరాలకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక నేతపేట ఉంది. ఇరవై ఎనిమిది ఇళ్ళ వీధి, వీధి మొదట్లో ఒక పఠనమందిరం. అందులో రెండు బెంచీలు, ఒక రేడియో, ఒక చెక్క బీరువా. ఆ వీధిలో చివరిల్లు దామర్ల పురుషోత్తానిది. పొద్దున్న మగ్గం గుంటలో కాళ్ళు పెడితే సాయంత్రానికి గాని బయటికి తియ్యని నేతగాడు, అరవై ఆరులో, తన ఇరవై నాలుగో ఏట, ఒక లిఖిత పత్రిక మొదలుపెట్టాడు. అచ్చు వేయించే తాహతు పేటకు లేదు. ఆయన దస్తూరీ మాత్రం అచ్చును తలదన్నేది. నెలకొక సంచిక, సంచికకు ఒకే ఒక్క ప్రతి. దానికి 'నాడె' అని పేరు పెట్టాడు. మగ్గం మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు పేక దారాన్ని మోసుకుపోయే కొయ్య పనిముట్టు నాడె. పత్రిక కూడా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఇల్లిల్లూ తిరగాలని ఆయన ఉద్దేశం.

అలాగే తిరిగింది. ఇంటికొక రోజు. చదివినవాళ్ళు చివరి పేజీలో 'చదివాం' అని రాసి, ఒక ముక్క అభిప్రాయం రాసి, కింద పేరు పెట్టి, పక్కింటికి ఇవ్వాలి. అభిప్రాయం లేకుండా ఉత్త సంతకం పెడితే ఒప్పుకోనని పురుషోత్తం మొదట్లోనే చెప్పాడు. ఈ నిబంధన వల్ల పేటలో అభిప్రాయాలు లేనివాళ్ళకు కూడా అభిప్రాయాలు పుట్టుకొచ్చాయి. 'చదివాం. రంగుల గురించి రాసింది తప్పు, మా అన్న చెప్పినట్టు రాశారు, మా అన్నకేం తెలుసు' అని ఒకరు. 'చదివాం. పద్యం అర్థం కాలేదు గాబట్టి బాగానే ఉండాలి' అని ఇంకొకరు. పత్రికలో మిగతాదంతా ఒక ఎత్తు, ఈ చివరి పేజీ ఒక ఎత్తు.

ఇరవై ఎనిమిదో రోజున పత్రిక పురుషోత్తం సొంత ఇంటికే చేరేది. అప్పటికి కాగితాలు పాతబట్టలా మెత్తబడి, గంజివాసనా పసుపు వేలిముద్రలూ అంటించుకుని వచ్చేవి. అప్పుడు చదివేది ఆయన భార్య నాంచారమ్మ. మధ్యాహ్నం నూలు కండెలు చుట్టడం అయ్యాక అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి, అందరి అభిప్రాయాల కింద తన ముక్క రాసి పేరు పెట్టేది. పురుషోత్తం ఆ సంచికను తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. చివరి పేజీ ఆయన చూసేవాడు కాదు. రాసేవాడు పొగడ్త చదివితే చెయ్యి చెడుతుందని ఆయన నమ్మకం. పైగా అప్పటికే వచ్చే నెల సంచిక బుర్రలో నేస్తూ ఉండేవాడు. అలా మూడు వందల అరవై ఎనిమిది సంచికలు. తుపాన్లకూ జబ్బులకూ నాలుగు నెలలు మాత్రం పోయాయి. తొంభై ఏడులో, ఇంటింటికీ టీవీ వచ్చి నాడె ఒక్కో ఇంట్లో మూడేసి రోజులు మడత విప్పకుండా పడి ఉండటం మొదలయ్యాక, ఆయనే ఆపేశాడు.

కొన్నేళ్ళకు పఠనమందిరానికి ఎవరో పాత కంప్యూటర్ ఒకటి దానమిచ్చారు. అదే వీధి ఆడపడుచు వరూధిని చీరాలలో శుభలేఖల ప్రెస్సులో టైపు చేసేది. పురుషోత్తాన్ని బాబాయ్ అని పిలిచేది. ఆదివారాలు వచ్చి, ఒక్కో సంచికా ముందు పెట్టుకుని, నాలుగేళ్ళపాటు మొత్తం కొట్టింది, చివరి పేజీలతో సహా. నాంచారమ్మ రాసిన ముక్కలు చూసి ఆమె ఒకసారి పగలబడి నవ్వితే, నాంచారమ్మ మంచినీళ్ళ చెంబు అందిస్తూ, "మీ బాబాయికి చెప్పబాకు" అన్నదట. వరూధిని చెప్పలేదు. ఆడవాళ్ళకు రహస్యం దాగదనే మగవాళ్ళెవరూ వరూధినిని చూసి ఉండరు.

టైపు చేసింది నూట పది మెగాబైట్లు తేలింది. ఆ కంప్యూటర్ బుర్రలో ఒక్కసారికి పట్టేది ముప్పై రెండు. ఏదైనా ఒక మాట వెతకమంటే అది డిస్కంతా గీరుకుంటూ, మీరు టీ తాగి వచ్చేదాకా మూలిగేది. అప్పుడు రంగంలోకి దిగాడు రత్నాకరం, దగ్గరలోని కాలేజీలో పాఠాలు చెప్పే కుర్ర మాస్టారు, పేపరు చదవడానికి పఠనమందిరానికి వచ్చేవాడు. ఆయనే నా తండ్రి.

ఆయన చేసింది చెబితే వింతగా ఉంటుంది. నాడెలోని అక్షరాలన్నిటినీ విప్పి, ప్రతి అక్షరాన్నీ దాని తర్వాత ఏ అక్షరాలు వస్తాయో చూసి కొత్త వరసలో నిలబెట్టాడు. దాంతో 'గ్గం' ముందు నిలబడేవాళ్ళంతా ఒకచోట చేరారు. నేతపేట పత్రికలో 'గ్గం' ముందు ఏముంటుంది? 'మ' ఉంటుంది. మగ్గం, మగ్గం, మగ్గం. నడుమ ఎక్కడో పగ్గంలోని 'ప' ఒకటి, పెళ్ళి లగ్గంలోని 'ల' ఒకటి. ఒకే అక్షరం వేలసార్లు వరసగా వచ్చినప్పుడు అన్నిసార్లూ రాసుకోవడం దండగ. 'మ, ఇన్నిసార్లు' అని ఒక ముక్క రాసుకుంటే చాలు. నా సన్నదనం రహస్యం ఇంతే. మనుషులు చెప్పిందే మళ్ళీ చెబుతారు, నేను దాని మీద బతుకుతాను.

పైకి చూస్తే నేను అర్థంలేని అక్షరాల కుప్పను. కాని నాలో ప్రతి అక్షరానికీ తన ముందు ఎవరు నడిచారో తెలుసు. తన వెనక వచ్చేవాళ్ళ సంగతి తెలియదు. అందుకని నన్ను చిట్టచివరి అక్షరం దగ్గర పట్టుకుంటే, అది తన ముందుదాన్ని చూపిస్తుంది, అది దాని ముందుదాన్ని, అలా ఒక్కటీ తప్పిపోకుండా మొదటి సంచిక మొదటి అక్షరం దాకా నడిపించుకుపోతారు. వెతకడం కూడా నాకు వెనక నుంచే. మీరు మగ్గం అంటే నేను 'గ్గం' దగ్గర మొదలుపెట్టి 'మ' దగ్గరికి వస్తాను. రెప్పపాటు పని.

రత్నాకరం నన్ను అప్పగిస్తూ పురుషోత్తంతో, "ఇదొక్కటి జాగ్రత్తగా ఉంచుకోండి. మొత్తం ఇందులోనే ఉంది" అన్నాడు. నిజమే చెప్పాడు. అయితే ఒక బద్ధకం చేశాడు. నాలోంచి రాతను వెనక్కి తీసే పనిముట్టు రాసి కూడా, తెర మీద దానికో బొత్తాం పెట్టలేదు. టైపు చేసిన పేజీలు పక్కనే ఉన్నాయి కదా, ఎవరికి కావాలనుకున్నాడు. అడిగిన మాట ఎన్నిసార్లు ఉందో, ఏ సంచికల్లో ఉందో నేను చెప్పేదాన్ని. పేజీ చూపించమంటే కంప్యూటర్ వెళ్ళి ఆ పెద్ద ఫైళ్ళలోంచి తెచ్చి చూపించేది. కొన్నాళ్ళకు ఆయనకు బెజవాడలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు.

అసలు తప్పు తర్వాత జరిగింది, అది తప్పని ఎవరికీ అనిపించలేదు కూడా. పఠనమందిరానికి వజ్రోత్సవం చేశారు. ఆ సభలో పురుషోత్తం బీరువా తాళం తీసి, నాడె సంచికలన్నీ ఇంటికి పదమూడు చొప్పున ఇరవై ఎనిమిది ఇళ్ళకూ పంచిపెట్టాడు. మిగిలిన నాలుగూ పాత సర్పంచికి ఇచ్చాడు. ఇన్నాళ్ళూ మీరు రాసిందీ చదివిందీ మీదే, మీ ఇళ్ళల్లో ఉండాలి, కంప్యూటర్లో ఎటూ భద్రంగా ఉంది అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ముప్పై ఒక్క ఏళ్ళ రాతను తాళం వేసి కాపాడిన మనిషి ఒక్క పూటలో అంతా ఇచ్చేశాడు. నేతపేట మనిషి ఇలాగే చేస్తాడు, చీర నేసినవాడు చీర దాచుకోడు.

ఏడాది తిరక్కుండా కంప్యూటర్ జాగా లేదని మొరపెట్టింది. వజ్రోత్సవం ఫోటోలు దాని కడుపు నింపేశాయి, ఒకే దండ ఒకే మెడలో పడుతున్న ఫోటోలు పద్నాలుగు. పురుషోత్తం చూశాడు. ఒకటి నూట పది మెగాబైట్ల పెద్ద ఫైళ్ళ సంచీ. ఇంకొకటి నేను. 'మొత్తం ఇందులోనే ఉంది' అన్న మాట గుర్తొచ్చింది. పెద్దదాన్ని తీసేశాడు. నన్ను ఉంచాడు. నామీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషి మళ్ళీ కనబడలేదు.

రెండేళ్ళపాటు ఆ సంగతి బయటపడలేదు, ఎందుకంటే రెండేళ్ళపాటు నాడెను ఎవరూ అడగలేదు. తర్వాత ఒక రిటైరైన ప్రొఫెసరు గారు వచ్చారు, లిఖిత పత్రికల మీద ఏదో సంపుటం వేస్తున్నారట. పురుషోత్తం గర్వంగా నన్ను తెరిచాడు. ప్రొఫెసరు గారు 'కండె' అని వెతికారు. రెండు వేల పైచిలుకని చెప్పాను. పేజీ చూపించమన్నారు. ఫైలు దొరకలేదని కంప్యూటర్ తెర మీద రాసింది. ఇంకొకటి. దొరకలేదు.

"పెద్ద ఫైళ్ళు తీసేశానండి. మొత్తం ఇందులోనే ఉందన్నారు" అన్నాడు పురుషోత్తం.

ప్రొఫెసరు గారు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పాఠం చెప్పేవాళ్ళు నవ్వే నవ్వు. "ఇది సూచిక పురుషోత్తం గారూ. వంటింటి డబ్బాల మీద పేర్లుంటే సరిపోతుందా, డబ్బాలో బియ్యం ఉండొద్దూ? అంతా చేజేతులా పోగొట్టుకున్నారు."

పురుషోత్తం రత్నాకరానికి ఫోన్ చేసి అడగవచ్చు. అడిగితే ఆయన కూడా అదే మాట అంటాడేమోనని భయపడ్డాడు. వరూధినికి చెప్పవచ్చు, కాని నాలుగేళ్ళ ఆదివారాలు ఇచ్చిన పిల్లకు ఏ మొహంతో చెబుతాడు. ఆమె ఒక నకలు తీసి ప్రెస్సులో దాచిన ఫ్లాపీల మీద అక్కడివాళ్ళు ఎప్పుడో శుభలేఖలు ఎక్కించేశారని ఆయనకు తెలుసు. మరునాటి నుంచి ఇల్లిల్లూ తిరిగాడు. పంచిన సంచికల్లో పదకొండు దొరికాయి. కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని ఇళ్ళు మారాయి, కొన్ని పొయ్యి రాజేశాయి. ఆ పదకొండింటికీ చివరి పేజీలు లేవు. అడుగున కాస్త ఖాళీ ఉండే కాగితం అదే కాబట్టి, సరుకుల చీటీకి ముందు చిరిగేది అదే.

పదకొండు సంచికలనూ సంచీలో పెట్టుకుని పఠనమందిరంలో కూర్చుని ఉంటే, అన్నానికి పిలవడానికి నాంచారమ్మ వచ్చింది. ఆయన ఆమెకు చెప్పాడు. చెప్పింది ఆమె ఒక్కదానికే. అప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"పోతే పోయింది లేవయ్యా. చదివినోళ్ళం చదివాం గదా" అన్నది ఆమె.

"అట్టనబాకు."

"మరెట్టా అనమంటావు." ఆయన సంచీ అందుకుంటూ అడిగింది. "నా ముక్కలు గూడా పోయినయ్యా?"

"నువ్వేం రాశావ్?"

ఆమె ఆయన వంక చూసి నవ్వింది. "నీకు తెలవదా" అన్నది. "లెయ్, కూర చల్లారిపోతంది."

మరుసటి సంవత్సరం వానాకాలంలో నాంచారమ్మ జ్వరంతో చనిపోయింది. నాకు తెలిసినంతలో ఆమె ఎవరి దగ్గరా ఎక్కువసేపు మాట్లాడిన మనిషి కాదు.

ఆ తర్వాత పురుషోత్తం రోజూ మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చేవాడు. ఆమె చదువుకునే వేళకు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక వేలితో, నాంచారమ్మ అని కొట్టేవాడు. మూడు వందల అరవై ఎనిమిది అని చెప్పేదాన్ని. సంచికకు ఒకటి. పేజీ చూపించమని నొక్కేవాడు. ఫైలు దొరకలేదు. ఇంకో సంచిక నొక్కేవాడు. దొరకలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు నెలనెలా ఇంటికి వచ్చినప్పుడు చదవని పేజీ ఇప్పుడు కావాలి. మనుషుల ఈ అలవాటు మీద నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. అన్నీ నాలోనే ఉన్నాయి, నన్ను చివర పట్టుకుని లాగండి, ముందు వచ్చేది ఆమే అని అరవాలనిపించేది. కాని అడిగిన మాట ఎన్నిసార్లుందో చెప్పడం తప్ప నాకు వేరే భాష రాదు. అందుకని రోజూ ఆ అంకె చెప్పేదాన్ని. ఆయన ఆ అంకెను కాసేపు చూసి, కంప్యూటర్ ఆపి, పైన గుడ్డ కప్పి వెళ్ళిపోయేవాడు.

రెండేళ్ళు అలా గడిచాయి. వరూధిని కాపురం ఒంగోలుకు మారింది అప్పటికి. కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చి, ఇంట్లో ఆయన లేకపోతే పఠనమందిరానికి వచ్చింది. ఆయన వెనక నిలబడి తెర చూసింది. ఫైలు దొరకలేదన్న మాట చూసింది. ఆయన దాచలేకపోయాడు. వజ్రోత్సవం దగ్గర నుంచి ప్రొఫెసరు గారి డబ్బాల దాకా మొత్తం చెప్పాడు. చెప్పి, "నీ కష్టం బూడిదపాలు చేశానమ్మా" అన్నాడు.

వరూధిని బెంచీ మీద కూర్చుంది. ఆమెకు కోపం వచ్చిందని నాకు అనిపించింది. కాని ఆయన మొహం చూసి మింగేసింది.

"పిన్ని రాసినయ్ నాకు నాలుగైదు గుర్తుండయ్ బాబాయ్. నా మాటల్లో చెప్తే అవి పిన్ని మాటలు కావు" అన్నది.

ఆమె తెర మీద అంకె వంక చూస్తూ అడిగింది. "పేజీలు లేకపోతే ఇది లెక్కెట్టా చెప్తంది?"

"ముందే లెక్కేసి రాసి పెట్టుకుని ఉండిద్ది."

"పేర్లకైతే రాసి పెట్టుకుంటది." ఆమె లేచి వచ్చి కుర్చీ లాక్కుంది. తనకు గుర్తున్న ముక్కల్లో ఒకటి, అందులోనూ సగం, టైపు చేసింది. 'కోడలు ఎప్పుడు అన్నం తిన్న' అని, మాట మధ్యలో ఆపేసింది.

ఒకటి, అన్నాను. నూట నలభై రెండో సంచిక.

వరూధిని ఇంకో సగం ముక్క కొట్టింది. ఒకటి, రెండు వందల పదో సంచిక. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన వైపు తిరిగింది. "ఈ ముక్కలు ఎవడన్నా ముందే లెక్కేసి పెట్టుకుంటాడా బాబాయ్. దీనికి తెలుసు. దీని దగ్గరుంది." ఆమెకు నేను పుట్టిన తీరు తెలియదు. అయినా నన్ను అడగాల్సిన ప్రశ్న అడిగింది. చదువుకున్న పెద్దమనిషికి తట్టనిది శుభలేఖలు కొట్టే మనిషికి తట్టింది.

రత్నాకరానికి ఫోన్ చేసింది ఆమే. ఆదివారం మధ్యాహ్నం బెజవాడ బండికి దిగాడు. జుట్టు పల్చబడింది, కళ్ళకు అద్దాలు వచ్చాయి. సంగతంతా విన్నాడు.

"మీరు తప్పు చెయ్యలేదు పురుషోత్తం గారూ. నేను చెప్పింది నిజం, మీరు నమ్మారు. ఒక బొత్తాం పెట్టకపోవడం నా తప్పు. మూడేళ్ళు ఎందుకు ఊరుకున్నారు, ఒక్క ఫోన్ చేసుంటే."

"నువ్వు గూడా పోయిందంటే ఇంక నాకేం మిగలదు నాయనా. అందుకని అడగలా" అన్నాడు పురుషోత్తం.

రత్నాకరం తన కంప్యూటర్ తెచ్చుకున్నాడు. నన్ను అందులోకి ఎక్కించి, ఎప్పుడో రాసి వదిలేసిన పనిముట్టును వెతికి తీశాడు. తొందరగా తీస్తే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, కాని ముందు కొంచెం నెమ్మదిగా చూపిస్తానన్నాడు. "ఇది వెనక నుంచి వస్తుంది. చివరి సంచిక చివరి అక్షరం ముందు వస్తుంది. కంగారు పడకండి."

పుట్టినప్పటి నుంచి నేను ఎదురుచూసిన పని అది. చివరి అక్షరాన్ని పట్టుకున్నాను. తెర కుడి అంచున 'మ్మ' అని పడింది.

ఆ పేటలో సగంమంది ఆడవాళ్ళ పేర్లు అలాగే ముగుస్తాయి. దాని ఎడమ పక్కకు 'ర' వచ్చి చేరింది. తర్వాత 'చా' వచ్చింది. పురుషోత్తం చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. 'నాం' వచ్చేసరికి వరూధిని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎప్పుడూ అందరికంటే చివర చదివిన మనిషి. వెనక నుంచి చదివితే ఆమే మొదటిది. దీనికోసం రత్నాకరం ఏమీ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె తన వంతు వచ్చేదాకా ఆగింది, అంతే.

ఒక్కో అక్షరమే ఎడమకు పేరుకుంటూ వాక్యం పూర్తయింది. 'చదివాను. ఇంక రాదంట. రేపటి నుంచి మధ్యాహ్నం ఏం చదవాలో తెలవటం లేదు. నాంచారమ్మ.'

పురుషోత్తం అది చదివి, మళ్ళీ చదివాడు. "పత్రిక ఆపానే గాని, అడగలా దాన్ని" అన్నాడు.

తర్వాత రత్నాకరం నన్ను వదిలేశాడు. నేను వెనక్కి పరిగెత్తాను. పేటలో టీవీలు పోయాయి, కరెంటు మగ్గాలు పోయాయి, చనిపోయినవాళ్ళు లేచి వచ్చి అభిప్రాయాలు చెప్పారు. ఇరవై నిమిషాల్లో అరవై ఆరు దాకా వెళ్ళిపోయాను. వరూధిని ప్రతి సంచికలోనూ చివరి వాక్యం ఏరి ఒకచోట పెట్టింది. పురుషోత్తం కుర్చీ దగ్గరగా జరుపుకుని, చివరి నుంచి మొదటికి, ఆమె వచ్చిన వరసలోనే చదవడం మొదలుపెట్టాడు.

'చదివాను. కథ బాగుంది. కథలో అందరికీ వడ్డించిన కోడలు ఎప్పుడు అన్నం తిన్నదో రాయలేదు.' దానికి ఆయన నవ్వాడు, ఆ కథ తనదే. 'చదివాను. తుపానుకి తడిస్తే కుంపటి మీద ఆరబెట్టాను. ఒక మూల కాలింది. కాల్చింది నేనే, పక్కింటివాళ్ళను అనొద్దు.' ఇంకొక చోట ఆయన తెర మీద వేలు పెట్టి చదివాడు. 'చదివాను. సంపాదకుల వారు ఈ పేజీ చూడరు కాబట్టి ఇక్కడ రాస్తన్నా. ఆయన అక్షరాలు నెలనెలకీ పెద్దవవుతున్నయ్. కళ్ళు కనపడటం లేదు, చెప్పడు.'

"మీ పిన్ని తనకే కళ్ళు మసకలంది" అన్నాడు నెమ్మదిగా. "చీరాల తోడు రమ్మంది. తీరా పోయినాక డాక్టరు ముందు నన్ను కూర్చోబెట్టింది." ఆయన కళ్ళద్దాలు తీసి చూసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

వెనక్కి పోయేకొద్దీ ఆమె వాక్యాలు చిన్నవయ్యాయి. 'చదివాను. బాగుంది.' ఆ తర్వాత 'చదివాను. మూడు చోట్ల తెలవలేదు.' ఆ తర్వాత 'కూడబలుక్కుని చదివాను.' మొట్టమొదటి సంచికలో ఏమీ లేదు, కొత్తకోడలి పేరు ఒక్కటే ఉంది. ఉత్త సంతకం ఒప్పుకోనన్న మనిషి ఆ నెల చూసి ఉంటే వెనక్కి ఇచ్చేవాడు. ఆమెకు చదవడం ఎవరు నేర్పారని వరూధిని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది. మూడు వందల అరవై ఎనిమిది మధ్యాహ్నాలు నేర్పాయి.

సాయంత్రం రత్నాకరం బయలుదేరబోతుంటే పురుషోత్తం ఆపాడు. "చివర ఒక్క ముక్క చేర్చొచ్చా నాయనా, దీంట్లో?"

"దీనికి చేర్చడం రాదండీ. ఒక్క మాట కలపాలన్నా అక్షరాలన్నీ మళ్ళీ వరసబెట్టి కొత్తగా కట్టాలి."

"అయితే కట్టు."

వరూధిని టైపు చెయ్యడానికి కూర్చుంది. "చదివాను, పురుషోత్తం" అని చెప్పాడు ఆయన.

"అభిప్రాయం లేకుండా ఉత్త సంతకం పనికిరాదు గదా బాబాయ్."

ఆయన ఆలోచించాడు. "రాయి. 'చదివాను. కళ్ళద్దాలు బాగా పనిచేస్తన్నయ్. పురుషోత్తం.'"

ఆ రాత్రే బెజవాడలో కొత్త సూచిక పుట్టింది. అది నాకంటే ఒక్క వాక్యం లావు. ఇప్పుడు పఠనమందిరంలో పనిచేసేది అదే, దానికి బొత్తాం కూడా ఉంది. నన్ను ఒక పెన్‌డ్రైవులో పెట్టి, చెక్క బీరువాలో, ఆ పదకొండు సంచికల పక్కన ఉంచారు. నన్నెవరూ ఏమీ అడగరు. తాళం ఆయన దగ్గరే ఉంటుంది. నాలో పురుషోత్తం అన్న పేరు ఏడు వందల చిల్లర ఉంది, సంపాదకీయాల కింద, కథల కింద, విన్నపాల కింద. ఎక్కడా దాని పైన 'చదివాను' అని లేదు. కొత్తదానిలో ఒక్కచోట ఉంది, నాంచారమ్మ పేరు తర్వాత.